రుక్కమ్మ రేవు

ఆ ఎండాకాలం కాలేజీలు మూసి ఉన్నాయి గనుక నేను ఇంట్లో ఉన్నాను. హనుమకొండలో గదికి తాళం వేసి, సైకాలజీ పుస్తకాలు రెండు సంచిలో పెట్టుకుని, మహదేవపురం దాకా బస్సులో, అక్కడి నుంచి మా కచ్చురంలో, పరదా కట్టిన ఎడ్లబండిలో, వచ్చాను. దారి పొడుగునా గోడల మీద జై తెలంగాణ అని సున్నంతో రాసి ఉంది. మహదేవపురం దాటాక గోడలు తక్కువ, రాతలు లేవు.

1969లో మా వైపు ఉద్యమం ఎక్కువగా రేడియోలోనే వినిపించేది. అయితే ఎవరు ఇక్కడివాళ్ళు, ఎవరు వచ్చి కూర్చున్నవాళ్ళు అనే మాట ఆ వేసవి మా ఇంట్లో కూడా నడిచింది, వేరే కారణంతో.

మా ఊరికి దగ్గర్లోనే గోదావరి ఒడ్డున బెస్తవాళ్ళ గుడిసెలు ఉండేవి. ఆ చోటును రుక్కమ్మ రేవు అనేవాళ్ళు. అవతలి గట్టు సిరొంచ. వాళ్ళు పడవ దాటించేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, వరద తీసిన తరవాత ఒడ్డున మిగిలిన ఒండ్రులో మిరప, ఇసుకలో కర్బూజ వేసుకునేవాళ్ళు. ఆ ఏడు రేవును, పక్కనున్న చిన్న పల్లెలు రెంటిని కలిపి వేరే పంచాయతీ చేయాలనుకున్నారు. అదే జరిగితే ఒడ్డు భూమి రేవువాళ్ళ చేతికి పోతుంది. మా బాపు జగపతిరావు ఆ భూమి తాతల నాటి నుంచి మాది అన్నాడు. అక్కడ ఆయిల్ ఇంజను పెట్టి నీళ్ళు తోడి మిరప వేయించాలని ఆయన కోరిక. గుడిసెలు ఇంజనుకు అడ్డం. భూమి మాది అనడానికి మా దగ్గర ఉన్న సాక్ష్యం ఒక్కటే, ఆ పేరు.

"రుక్కమ్మ మా తాతకు చెల్లె. రేవుకు మెట్లు కట్టిచ్చి, ఈ బెస్తోల్లను పిలిచి కూసోబెట్టింది ఆమెనే. ఆమె పేరు పెట్టుకొని బతుక్కుంట భూమి తమదంటే ఎట్ల?" అనేవాడు బాపు, వచ్చినవాళ్ళందరితో. ప్రతిసారీ మెట్లకు ఒక వివరం కలిసేది. మొదట ఉత్త మెట్లు. తరవాత అవి నల్లరాతివి అయ్యాయి. వేసవి మధ్యకు వచ్చేసరికి ఆ రాయిని ఎక్కడి నుంచి తెప్పించారో కూడా ఆయనకు తెలిసింది. ఆయన అబద్ధం ఆడుతున్నాడని నాకు అనిపించలేదు. చెప్పేటప్పుడు ఆయన కళ్ళకు అవి కనిపిస్తూ ఉండేవి.

*

మా మేనత్త అరుంధతి బాపు కంటే ఏడేళ్ళు పెద్ద. పదిహేడేళ్ళకే భర్త చనిపోతే వెనక్కి వచ్చి, అప్పటి నుంచి మా గడిలోనే, ఆ కోటలాంటి దొరల ఇంట్లోనే, ఉంది. ఇంటి తాళాలన్నీ ఆమె దగ్గరే ఉండేవి. ఆమె నుంచి పిలుపు వస్తే తప్ప పనివాళ్ళు పెరట్లోకి రారు, బాపు అన్నానికి కూర్చోడు. అయినా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఆ పూట ఆమె వెనక అర్రలో ఉండేది. రెండూ ఒకే మనిషి విషయంలో ఎలా జరుగుతాయని ఎవరూ ఆలోచించేవాళ్ళు కాదు.

పొద్దున పూట ఆమె పెరట్లో చాప వేసుకుని, రాయి మీద చింతపండు కొట్టి గింజలు తీసేది. నేను ఎదురుగా కూర్చుని అడిగాను.

"అత్తమ్మా, రుక్కమ్మ ఎవలు?"

"మీ బాపు చెప్పలేదా?"

"మెట్లు కట్టిచ్చిందని చెప్పిండు."

"మెట్లా?" ఆమె చెయ్యి ఆగలేదు. "గోదారి ఏటేటా ఒడ్డునే తింటది. దానికి మెట్లు ఆనుతయా?"

"మరి?"

"మా నాయినమ్మకు ఆడబిడ్డ అయితది రుక్కమ్మ. పదహారేండ్లు నిండకముందే మొగుడు పోయిండు. ఈడికే తీస్కొచ్చిండ్రు. ఒగనాడు ఏటికి పోయింది, పడవెక్కింది, మల్ల రాలె."

"మునిగి పోయిందా?"

"ఎక్కిందంటున్న గదరా. ఎక్కినోల్లు మునుగుతరా?" గింజను పక్కకు వేసి మెల్లగా అంది. "పడవోనితోని ఉన్నది. అయినోల్లకు అది సావే. ఇంట్ల పిండం పెట్టిచ్చిండ్రు. ఆమె కండ్ల ముందరే ఉన్నది, గా ఒడ్డు మీదనే. పిల్లలను కన్నది. మా నాయినమ్మ గడి మీదికెక్కి చూసేదట, పడవల ఉన్నదా అని. కనవడ్డనాడు కిందికి దిగొచ్చి తలమీద నీళ్ళు పోసుకునేది."

"ఎందుకు?"

"సచ్చినోల్లను చూస్తె మైల గదా."

ఆమె ఆ మాట మామూలుగానే అంది. నేను తరవాత ఆ పుస్తకాల్లో మరుపు గురించి చాలా చదివాను. మా ఇంట్లో మరుపు ఎవరికివారికి జరిగేది కాదు. వంట చేసినట్టు, పొలం దున్నినట్టు, అందరూ కలిసి చేసే పని.

"బాపుకు ఎరుకేనా?"

"ఆయనకు ఎట్ల ఎరుక లేకుంటది? నా పక్కనే పండుకొని విన్నడు మా నాయినమ్మ దగ్గర." మళ్ళీ రాయి ఎత్తింది. "ఇన్నడుగుతున్నవు, నీకు సదువు లేదా?"

*

ఒక సాయంత్రం నేను రేవుకు పోయాను. ఎందుకు పోయానో చెప్పలేను. గోదావరి సగానికి తగ్గి ఉంది. ఇసుకలో తవ్విన గుంటల్లో కర్బూజ తీగలు పాకి ఉన్నాయి. రేవుకు పెద్దమనిషి సత్తమ్మ. మా మేనత్త ఈడుది. పడవ దిగివచ్చేవాళ్ళకు కాయలు కోసి అమ్ముతోంది. ఆమె కూతురు రుక్కి పక్కన కూర్చుని వల అల్లుతోంది. రుక్కి మొగుడు వీరయ్య పడవ నడుపుతాడు, ఇల్లుటం వచ్చిన అల్లుడు.

"చిన్నదొర అచ్చిండు" అంది సత్తమ్మ. "సదువు బందువెట్టిన పోరగాండ్లంత జెండలు వట్టుకున్నరట. నువ్వేంది, కర్బూజలకచ్చినవు?"

"జెండ పట్టుకునేటంత బలముండాలె గదనే" అంది రుక్కి నన్ను ఎగాదిగా చూసి.

నేను కాయ తీసుకుని, రుక్కమ్మ ఎవరని అడిగాను. సత్తమ్మ కత్తిని చీరకు తుడుచుకుంది.

"మా అమ్మమ్మ. గత్తర, గదే కలరా, అచ్చిన ఏడు మొగోడన్నోడు పడవ ముట్టలె. అంటుకుంటదని. మా అమ్మమ్మ ముట్టింది. సచ్చినోల్లను దాటిచ్చింది, బతికినోల్లను దాటిచ్చింది. అప్పటిసంది అందరు రుక్కమ్మ రేవు రుక్కమ్మ రేవు అనవట్టిరి. మీ తాతల అడిగి పెట్టిన పేరు గాదు."

"ఆమె యే ఊరామె?"

"మీదికెల్లి అచ్చింది." ఏటికి ఎగువగా చెయ్యి చూపించింది. "పడవ మీద అచ్చిన మనిషికి ఊరేంది? గోదారి తెచ్చింది."

ఆమెకు నిజంగా తెలియదో, తెలిసి కట్టేసిందో నాకు అర్థం కాలేదు. గడిలో ఒక మూత పెట్టి ఉంటే, రేవులో కూడా ఎవరో ఒక మూత పెట్టి ఉండవచ్చు. వెళ్ళిపోయిన మనిషికి రెండూ అవసరమే.

"మీ బాపు ఇంజను తెత్తాండట గద?" అంది సత్తమ్మ. "పైపులు మా గుడిసెల పక్కకెల్లి పోతయా, గుడిసెల మీదికెల్లి పోతయా?"

"నాకెరుక లేదు."

"గడిల తిని గడిల పండేటోనికి ఎరుక లేకుంటె ఇంకెవలికెరుక? సిరొంచకు పొండ్రని మీ జీతగాడు అననే అన్నడు. ఆడ రేవు ఆడి బెస్తోల్లది. మమ్ముల ముట్టనిత్తరా? పడవోనికి రేవు పోతె పడవ పొయిలకే."

రుక్కి వల మీది నుంచి తల ఎత్తలేదు. "మనం పోతె దొర పడవ నడుపుతడేమో తియ్యే. కుర్చి ఏసుకొని."

ఇద్దరూ నవ్వారు. కాయకు డబ్బులు తీసుకోలేదు. తీసుకుంటే బాగుండేదని దారిలో అనుకున్నాను.

*

వేసవి చివర పంచాయతీ సమితి ఆఫీసు నుంచి దత్తాత్రేయ అనే ఉద్యోగి వచ్చాడు. తలకు తడి తువాలు చుట్టుకుని, సైకిల్ తోసుకుంటూ ఇసుకలో నడిచి వచ్చాడు. రేవులో తాటికమ్మల పందిరి వేశారు. బాపు కుర్చీలో కూర్చున్నాడు. పందిరి పక్కనే కచ్చురం నిలబెట్టి ఉంది. పరదా వెనక మా మేనత్త. ఇంట్లో రుక్కమ్మ సంగతి పెద్దవాళ్ళ నోట ఎక్కువ విన్నది ఆమే అని, ఆమె మాట కూడా రాసుకోవాలని బాపే పట్టుబట్టి తీసుకొచ్చాడు. ఏం చెప్పాలో పొద్దున ఆమెకు చెప్పాడు. ఆమె విని తల ఊపింది. అన్నేళ్ళలో ఆమె ఆయన మాట దాటిన రోజు నాకు గుర్తు లేదు.

"ఏ ఊరు నాయినా మీది?" అని సత్తమ్మ దత్తాత్రేయను అడిగింది.

"జనగామ, అవ్వా. ముల్కీనే, ఇక్కడోన్నే, భయపడకు."

పందిరి కింద నవ్వులు లేచాయి. ఆయన మజ్జిగ తాగి పని మొదలుపెట్టాడు.

"నేను చిన్న నౌకరిగాన్ని. కొత్త పంచాయతి పేరు గిదే ఉంచుమంటున్నరు. పేరెట్ల వచ్చిందో, ఒడ్డు ఎవల చేతుల ఉన్నదో అడిగి రాసుకపోత. పైవాళ్ళు చూసుకుంటరు."

బాపు మెట్లతో మొదలుపెట్టాడు. రాయి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాడు.

"మెట్లు ఏడున్నయి దొరా?" అన్నాడు వీరయ్య వెనక నుంచి.

"గోదారి కొట్టుకపోయింది."

"అన్ని కొట్టుకపోయిందా? ఒక్కటన్న మిగలలేదా, చీర పిండుకునేటందుకు?"

బాపు అటు చూడలేదు. "రుక్కమ్మ మా ఇంటి ఆడబిడ్డ" అన్నాడు దత్తాత్రేయతో, ఒక్కొక్క మాటా విడదీసి. "రాసుకోండ్రి. మా తాతకు సొంత చెల్లె. ఈ జాగ మాదైతెనే గద, మా ఇంటి ఆడబిడ్డ పేరు దీనికొచ్చింది?"

సత్తమ్మ లేచి గత్తర సంగతి చెప్పింది. నాకు చెప్పినట్టే చెప్పింది. "పడవ నడిపిన మనిషి దొర్సాని ఎట్లయితది సారు? మీరే చెప్పుండ్రి. దొర్సానులు తెడ్డు వడుతరా?" దత్తాత్రేయ రెండూ రాసుకున్నాడు. ముఖం చూస్తే ఏది నమ్మాలో ఆయనకు తెలిసిపోయినట్టే ఉంది. కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్ళ మాటకు బరువు ఎక్కువ. ఆయన కచ్చురం వైపు తిరిగాడు.

"అమ్మా, మీరు చెప్పేదేమన్న ఉన్నదా?"

పరదా కొంచెం జరిగింది. మా మేనత్త ముఖం కనిపించింది. ఆ ఊళ్ళో చాలామంది ఆమెను చూడడం అదే మొదటిసారి.

"మా తమ్ముడు చెప్పింది నిజమే. రుక్కమ్మ మా ఇంటి ఆడబిడ్డనే."

బాపు తల ఆడించాడు.

"ఈ ఒడ్డు కూడ మాదే" అంది ఆమె. "ఆమెను ఈడికి ఇచ్చిననాడు, పసుపుకుంకుమ కింద పెట్టిండ్రు."

దత్తాత్రేయ కలం ఆగింది. "పసుపుకుంకుమ కిందనా అమ్మా?"

"అవును."

"ఎవలికి ఇచ్చిండ్రు ఆమెను?"

"పడవోల్లకు."

పడవకు కట్టిన తాడు నీళ్ళలో లాగి వదులుతున్న చప్పుడు వినిపించింది.

పెండ్లినాడు ఆడపిల్లకు పసుపుకుంకుమ కింద పెట్టిన భూమిని పుట్టింటివాళ్ళు మళ్ళీ ముట్టరు. ఆమె తరవాత ఆమె పిల్లలది. మా వైపు ఇలాంటి తగాదాలు వస్తే తీర్పు చెప్పేది బాపే. ఆడబిడ్డ నోటి ముందరి ముద్ద లాక్కున్నవాని ఇంట నేను నీళ్ళు తాగను అని ఆయన పంచాయతీల్లో చాలామందిని తిట్టడం నేనే విన్నాను. ఇప్పుడు ఆయన తన నోటితోనే ఆడబిడ్డ అన్నాడు, తన నోటితోనే భూమి మాది అన్నాడు. ఆమె రెండింటినీ ఒప్పుకుని, మధ్యలో ఒక పెండ్లి పెట్టింది.

అది అబద్ధమని అక్కడ ముగ్గురికి తెలుసు: అత్తమ్మకు, బాపుకు, నాకు. మొగుడు పోయి తెల్లచీర కట్టిన పదహారేళ్ళ పిల్లకు పసుపుకుంకుమ ఎవరూ పెట్టరు. కాని అబద్ధమని చెప్పాలంటే బాపు నిజం చెప్పాలి. మా ఇంటి విధవ పడవవాడితో వెళ్ళిపోయిందని, బతికున్న మనిషికి మేము పిండం పెట్టామని, ఆ గుడిసెల ముందర, జనగామ నుంచి వచ్చిన ఉద్యోగి రాసుకుంటూ ఉండగా చెప్పాలి.

"దొరా, మీరేమంటరు?" అన్నాడు దత్తాత్రేయ.

బాపు కచ్చురం వైపు చూశాడు. పరదా వేసి ఉంది.

"అక్క చెప్పింది గదా" అన్నాడు. లేచి, కండువా దులుపుకుని, ఎండలో గడి వైపు నడిచాడు. కచ్చురం కోసం ఆగలేదు.

*

ఆ తరవాత ఇంట్లో గొడవ ఏమీ జరగలేదు. జరిగి ఉంటే ముగిసేది. అత్తమ్మ ఎప్పటిలాగే వంట చేయించింది, పిలిచింది. బాపు వచ్చి కూర్చుని తిన్నాడు. ఆమెతో మాట్లాడవలసినవి మా అమ్మతో మాట్లాడాడు. పులుసులో ఉప్పు తక్కువైందని అమ్మతో అంటే, రెండడుగుల దూరంలో నిలబడ్డ అత్తమ్మ ఉప్పు తెచ్చి అమ్మ చేతికి ఇచ్చింది. ఇంజను మాట ఎవరూ ఎత్తలేదు. నేను వాళ్ళిద్దరినీ చూస్తూ కూర్చునేవాణ్ణి. కోపం ఉన్న ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆయన ముఖంలో ఉన్నది కోపం కాదు. తన ఇంట్లోనే తనకు తెలియని అర్ర ఒకటి ఉందని కనిపెట్టిన మనిషిలా ఉన్నాడు.

మృగశిర చినుకులు పడ్డాక సత్తమ్మ, రుక్కి గడికి వచ్చారు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, తమలపాకులు. కొత్త పంచాయతీ వచ్చింది గనుక రేవులో బొడ్రాయి నిలబెడుతున్నారు. ఊరికి బొడ్డు లాంటి రాయి అది. దాన్ని నిలిపే రోజున ఊరి ఆడబిడ్డలందరికీ పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోయాలి. సత్తమ్మ ఎప్పుడూ నిలబడే గుమ్మం బయటనే నిలబడింది, కాని చూపు లోపలికే ఉంది.

"మా తల్లిగారిల్లని పిలువచ్చినం" అంది. "వరుస తీసి సూసిన. మా అమ్మ, మీ నాయిన మేనబావమరదండ్లు. గట్లయితె నువ్వు నాకు తమ్మునివి. దొరా అని పిలువనా, తమ్ముడా అని పిలువనా? ఏదంటె అది."

బాపు అరుగు మీద ఉన్న పేపరు చేతిలోకి తీసుకున్నాడు.

"నన్నేం పిలువకు" అంది రుక్కి నాతో, పళ్ళెం కింద పెడుతూ. "నేను పడవ నడిపినామె మనుమరాలి బిడ్డను. దొర్సాని మనుమరాలి బిడ్డను గాదు. మా అమ్మ భూమి కోసం ఒప్పుకున్నది."

"నోరు ముయ్యే" అంది సత్తమ్మ. "భూమి మనకిచ్చిండ్రు, అమ్మమ్మను మనం వాల్లకిచ్చినం. ఏమైంది ఇప్పుడు?"

వాళ్ళు పోయాక బాపు అన్నాడు, "పోకుంటె ఏమైతది?"

మా అమ్మ అహల్య ఇంట్లో తక్కువ మాట్లాడే మనిషి. "పోకుంటె వదినె చెప్పింది అబద్ధమైతది. గడి ఆడిమనిషి నలుగుట్ల నిలబడి అబద్ధమాడిందంటరు."

"ఆడలేదా?"

"నేను ఆ పందిట్ల లేకుంటి. మీరుంటిరి."

ఒడిబియ్యం కలిపింది అమ్మే. బియ్యానికి పసుపు పట్టించి, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరపళ్ళు, వక్కలు, రవికె గుడ్డ, చీర పెట్టింది. విధవ గనుక అత్తమ్మ వాటిని ముట్టలేదు. అర్ర గుమ్మంలో నిలబడి, "ఇంకో సోలెడు పొయ్యి అహల్యా. ఎన్నేండ్లదో బాకి" అంది. గడి నుంచి ఆమె మాతో నడిచి వచ్చింది. కచ్చురం వద్దంది.

బొడ్రాయి చుట్టూ డప్పులు మోగుతున్నాయి. సత్తమ్మకు మొగుడు లేడు గనుక పీట మీద రుక్కి కూర్చుంది. అమ్మ ఆమె ఒడిలో బియ్యం పోసింది. రుక్కి అంతసేపూ నేల చూస్తూనే ఉంది. లేచి అమ్మ కాళ్ళు మొక్కింది. తరవాత జనం అవతల, ఒక వలల కుప్ప పక్కన నిలబడ్డ మా మేనత్త దగ్గరికి పోయి, ఆ ఒడి అలాగే పట్టుకుని వంగి ఆమె కాళ్ళు మొక్కింది. శుభానికి విధవ కాళ్ళు మొక్కడం మా ఇళ్ళలో లేదు. రేవువాళ్ళకు ఆ పట్టింపు లేదో, రుక్కి కావాలనే చేసిందో తెలియదు. అత్తమ్మ చేతులు ఎక్కడ పెట్టాలో తెలియని దానిలా కాసేపు గాలిలో ఉంచి, చివరికి రుక్కి తల మీద పెట్టింది.

పొద్దు వాలుతుండగా పొలి చల్లడానికి మనుషులు లేచారు. బలి ఇచ్చిన నెత్తురు కలిపిన అన్నం ఊరి పొలిమేర చుట్టూ చల్లుకుంటూ పోతారు. అది చల్లాక తెల్లారేదాకా లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు.

"బయటోల్లు ఎల్లుండ్రి" అని వీరయ్య కేక వేశాడు.

"వదినె, నడువు" అంది అమ్మ.

అత్తమ్మ వలల కుప్ప మీద కూర్చుని ఉంది. "మీరు పోండ్రి" అంది.

"చీకటైతది."

"కానియ్యి."

అమ్మ నా వైపు చూసింది. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె ముఖంలో పట్టుదల ఏమీ లేదు. పని ముగిశాక కాళ్ళు చాపుకున్న మనిషి ముఖం అది. డప్పులు దగ్గరపడ్డాయి. మేమిద్దరం పొలిమేర దాటాం.

తెల్లారి బాపే కచ్చురం పంపించాడు. అది ఖాళీగా తిరిగి వచ్చింది. నడిచి వస్తానని చెప్పిందట. రాలేదు. నాలుగైదు రోజులకు ఆమె తాళంచెవుల గుత్తిని వీరయ్య తెచ్చి అరుగు మీద పెట్టి పోయాడు. అమ్మ దాన్ని తీయలేదు. బాపు కూడా తీయలేదు. వంటకు కావలసినవి ఆ వారమంతా పక్కింటి నుంచి తెచ్చుకున్నాం.

*

కాలేజీలు తెరుస్తారని రేడియోలో చెప్పిన రోజున నేను రేవుకు పోయాను. గోదావరి ఎర్రగా, నిండుగా వచ్చింది. సత్తమ్మ గుడిసె పక్కనే వేసిన కొత్త పందిరి కింద అత్తమ్మ వల దారం పేనుతోంది. చేతివేళ్ళకు ఇంకా అలవాటు కాలేదు. తొడ మీద దారం జారిపోతోంది.

"బాపు తింటుండా?" అంది.

"తింటుండు."

"పులుసుల ఉప్పు తక్కువ పడుతదని చెప్పు మీ అమ్మకు. ఆయనకు ఎక్కువుండాలె."

అడగకుండా పోవాలనే అనుకున్నాను.

"అత్తమ్మా, నాకు పెరట్ల ఒకటి చెప్పినవు. పందిట్ల ఒకటి చెప్పినవు."

"పెరట్ల చెప్పింది మా నాయినమ్మ మాట. పందిట్ల చెప్పింది నా మాట."

"మరి ఏది నిజం? ఇచ్చిండ్రా ఈ ఒడ్డు?"

ఆమె దారం ముడి పడ్డ చోట పళ్ళతో కొరికి విడదీసింది.

"ఇచ్చింది నిజమే అయితె మీ బాపు ఊకుంటుండెనా? లడాయి పెట్టుకునేటోడు. ఇయ్యలేదు గనుకనే, ఆ ముచ్చట బయటెట్టలేక ఊకున్నడు."

వీరయ్య పడవ విప్పాడు. నేను హనుమకొండకు ఆ దారినే, సిరొంచ దాటి రైలుకు, పోవాలనుకున్నాను, బస్సులు సరిగా లేవు. సత్తమ్మ రెండు మొక్కజొన్న కంకులు కాల్చి నా సంచిలో పెట్టింది. "అత్తా అనాలె నన్ను, ఎరుకేనా?" అంది. నేను నవ్వాను. అనలేదు.

*

బాపు ఒడ్డు భూమి మీద దావా వేయలేదు. దత్తాత్రేయ రాసుకున్న మాట ఏ కోర్టులోనూ నిలిచేది కాదని తరవాత ఒక వకీలు నాతో అన్నాడు. అత్తమ్మ తొమ్మిదేళ్ళు రేవులోనే ఉండి, అక్కడే చనిపోయింది. కబురు తెలిసి బాపు అక్కడికి వెళ్ళాడు. కొరివి ఎవరు పెట్టాలని అక్కడివాళ్ళు అడగకముందే ముందుకు నడిచాడు. ఆ తరవాత కూడా గడిలో ఆమె పేరు పెద్దగా వినిపించేది కాదు.

ఎనభై అయిదులో మండలాలు వచ్చినప్పుడు ఊళ్ళ వివరాలు రాసుకోవడానికి ఒక కుర్రవాడు వచ్చాడు. నేను సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నాను. బాపుకు అప్పటికి చూపు మందగించింది. రేవుకు ఆ పేరు ఎట్లా వచ్చిందని ఆ కుర్రవాడు అడిగాడు. గత్తర రోజుల్లో పడవ నడిపిన ఆమె పేరని రేవులో చెప్పారట.

"గట్ల కాదు" అన్నాడు బాపు. "రుక్కమ్మ మా ఇంటి ఆడబిడ్డ. పడవోల్లకిచ్చి చేసినం. మంచి కుటుంబం. ఒడ్డంత పసుపుకుంకుమ కింద పెట్టినం."

కుర్రవాడు రాసుకుంటున్నాడు. బాపు ఆగలేదు. పెండ్లికి గడి ముందర ఎన్ని పందిళ్ళు వేశారో, పడవను మామిడాకులతో ఎట్లా కట్టారో చెప్పాడు. పిల్లను పడవ ఎక్కించేటప్పుడు తన నాయినమ్మ ఒడ్డు మీద నిలబడి ఏడ్చిందని, పడవ కనుమరుగయ్యేదాకా అక్కడి నుంచి కదలలేదని చెప్పాడు. చెబుతూ, ఆ పడవ పోయిన వైపు చెయ్యి చూపించాడు.

"మీకు ఎవలు చెప్పిండ్రు సార్ ఇదంత?" అన్నాడు కుర్రవాడు.

బాపు ఆశ్చర్యంగా అతని వైపు తల తిప్పాడు.

"ఎవలు చెప్పుడేంది? మా ఇంట్ల అందరికెరుకే."